గుండుసూదుల సాక్ష్యం

బడి గుమ్మంలో బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, తనను చూడగానే మాట ఆపేసినవాళ్లు ఎందరో లెక్కపెట్టకూడదని అనుకుంది ఎల్మీనా రాప్. అయినా లెక్కపెట్టింది. ముగ్గురు. పొయ్యి దగ్గర ఇద్దరు, కోట్లు తగిలించే కొయ్యల దగ్గర ఒకరు.

అది పంతొమ్మిది వందల యాభై మూడు, ఫిబ్రవరి, శనివారం మధ్యాహ్నం. నాలుగో నంబరు బడిలో పిల్లల బల్లలన్నీ గోడల వారకు జరిగాయి. నడుమ ఆరు బల్లలు, బల్లకొక క్రోకినోల్ ఆట పలక, పలకకు నలుగురు మనుషులు. టొరంటోకు దూరంగా ఉన్న ఆ పల్లెల్లో చలికాలమంటే అదే. పొలం మంచు కింద పడుకుంటుంది, పలక గోడ మీంచి దిగుతుంది. పేక ముట్టనివాళ్లు, పాచికలను గడప దాటనివ్వనివాళ్లు, రాప్‌ల వంటి మెన్నొనైట్ అనే నిష్ఠగల క్రైస్తవ శాఖ కుటుంబాలు కూడా ఈ పలకను ఇంటి మనిషిలా చూసుకునేవి. బిళ్ళను వేలితో మీటడంలో పాపమేమీ లేదని సంఘం పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. గెలిచినందుకు గర్వపడటంలో ఉందని కూడా తేల్చారు గాని, ఆ రెండో మాట చలికాలంలో ఎవరికీ అంతగా గుర్తుండేది కాదు.

పోయిన ఏడాది ఇదే గదిలో, పై బల్ల దగ్గర, ఆఖరి బిళ్ళ మీటి గెలిచింది ఎల్మీనా. గెలిచానని అనుకుంది. అంతలో ఎదుటి జట్టు యూవర్ట్ ఫార్కర్ చేయి పైకెత్తి, చర్చిలో వాక్యం చదివినంత నెమ్మదిగా, “ఆవిడ కుర్చీ మీంచి లేచింది” అన్నాడు.

ఈ ఆటలో మిగతా రూళ్లు ఇంటికొక తీరుగా మారుతాయి గాని, ఒక్కటి మాత్రం ఎక్కడా మారదు. ఆటకు కూర్చున్నవాళ్లు కుర్చీని కదపకూడదు. ఎంత వంగినా, ఎటు వాలినా, కూర్చునే భాగంలో ఒక పక్కైనా కుర్చీకి ఆని ఉండాలి. పొడుగు మనుషులకు అది రూలే కాదు. ఎల్మీనాది పొట్టి ప్రాణం. కూర్చుంటే కాళ్లు నేలకందవు. పలక అంచున బిళ్ళ పెట్టి మీటే తన వంతు గీతకు ఎడమ చివర నుంచి మీటాలంటే ఒళ్లంతా గాలికి వంగిన గోధుమ వెన్నులా వాలాలి.

“లేవలేదు,” అంది అప్పుడు.

“కుర్చీకీ నీకూ మధ్య కిటికీ వెలుతురు కనిపించిందమ్మా. కళ్లారా చూశాను,” అన్నాడు యూవర్ట్. అబద్ధమాడే మనిషి కాదు. ప్రెస్బిటేరియన్ చర్చి సంఘంలో పెద్ద. పాలక్యాన్ల మీద మూత సరిగా పడకపోతే వెనక్కి నడిచివచ్చి సరిచేసే రకం. అతను చూశానన్నాడు, ఆమె లేదంది. తీర్పరి ఎటూ తేల్చలేక ఆమె బిళ్ళను పలక మీంచి తీసేశాడు. ఫార్కర్లు గెలిచారు.

ఓటమి వారానికే మానిపోయేది. మాననిది ఆ మాట. పొద్దున్నే చీజ్ ఫ్యాక్టరీ ముందు పాలబళ్లు వరసకట్టినప్పుడు, ఎవడైనా తన ఆవు ఇన్ని పాలిచ్చిందని గొప్పలు పోతే, పక్కవాడు నవ్వుతూ అడగడం మొదలుపెట్టాడు: “కూర్చునే చెప్తున్నావా, లేచి చెప్తున్నావా?” అది చేపల కథలకు పాకింది, గుర్రాల బేరాలకు పాకింది. ఎల్మీనా భర్త మెన్నో వరసలో నిలబడి వినేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఇంటికొచ్చాక చెప్పేవాడూ కాదు. అతను చెప్పకపోయినా ఆమెకు తెలిసింది.

రాప్‌ల సంఘంలో అవునంటే అవును, కాదంటే కాదు. ప్రమాణం చేయడం తప్పు. న్యాయస్థానంలో నిలబెట్టినా బైబిలు మీద చేయి వేయరు. మాటకు మాటే సాక్షి. అలాంటి చోట ఒక మనిషి మాట చెల్లకుండా పోతే, ఇక ఆ మనిషి దగ్గర మిగిలేది ఏమిటి?

“నేను నమ్ముతున్నానుగా, చాలదూ?” అన్నాడు మెన్నో ఒకసారి.

“చాలదు,” అంది ఆమె.

దాని వెనక ఇంకో మాట ఉంది. అది అతనికి కూడా చెప్పలేదు. వేలి కింద బిళ్ళ ఉన్నప్పుడు ఆమెకు ఒళ్లు తెలియదు. చూపు పోయి బిళ్ళ అంచున కూర్చుంటుంది. కుర్చీ ఉందో లేదో, తాను దాని మీద ఉందో లేదో, ఎవరు చెప్పగలరు? లేవలేదని అంది. లేవలేదనే అనుకుంది. కాని ఏడాది పొడుగునా రొట్టెపిండి పిసుకుతున్నప్పుడల్లా, మడిచిన బట్ట మీద ఇస్త్రీపెట్టె నిలిపినప్పుడల్లా, ఒక సన్నని అనుమానం దారంలా వేలికి చుట్టుకునేది. ఒకవేళ లేచానేమో.

అందుకే వచ్చింది. గెలవడానికి, ఆ గెలుపును ఎవరూ వేలెత్తి చూపలేకుండా గెలవడానికి.

ఆమె జట్టు మనిషి మెన్నో తాత యోస్ట్. ఎనభై రెండేళ్లు. చెవులు తమ ఇష్టం వచ్చినప్పుడు వినేవి, వేళ్లు మాత్రం మాట వినేవి.

“భయమేస్తోందా అమ్మాయ్?” అన్నాడు కోటు విప్పుతూ.

“లేదు తాతా.”

“నాకేస్తోంది. పై బల్ల దగ్గర పెట్టిన ఆ ఎండు ఆపిల్ తీపిరొట్టె అయిపోయేలోగా అక్కడికి చేరతామో లేదో.”

క్రోకినోల్ పార్టీ పద్ధతి అందరికీ తెలిసిందే. వీళ్లకు ఆరో బల్ల నుంచి మొదలు. పై బల్లలో ఆట ముగిసి గంట మోగితే, ఎక్కడి ఆట అక్కడ ఆగుతుంది. గెలుపులో ఉన్న జట్టు ఒక బల్ల పైకి, ఓడిన జట్టు ఉన్నచోటే. పై బల్లలో ఓడినవాళ్లు మాత్రం ఏకంగా కింది బల్లకు దిగాలి. గెలిచిన ప్రతిసారీ టీచరు మిస్ హోల్బ్రుక్ రైలు టికెట్లకు చిల్లులు పొడిచే పనిముట్టుతో ఆ జట్టు అట్టముక్క మీద నక్షత్రం ఆకారంలో ఒక చిల్లు పొడిచేది. ఆ అమ్మాయి టొరంటో నుంచి సెప్టెంబరులోనే వచ్చింది. తీర్పరి పని కూడా ఈసారి ఆమెకే అప్పగించారు. కొత్త మనిషైతే ఎవరి పక్షమూ ఉండదని.

ఆరో బల్ల, అయిదో బల్ల, నాలుగో బల్ల. ఎల్మీనా తల ఎత్తకుండా మీటింది. గుండ్రని మేపుల్ చెక్క మీద మైనం పూత మెరిసేది. నడుమ ఇరవై పాయింట్ల గుంట, గుంట చుట్టూ ఎనిమిది మేకులు, మేకుల చుట్టూ వలయాలు, అన్నిటికీ బయట ఓడిన బిళ్ళలు పడే కాలువ. బిళ్ళ మేకుల సందున దూరేది, ఎదుటివాళ్ల బిళ్ళను ముద్దాడినట్టు తాకేది, దాన్ని కాలువలోకి పంపి తాను నిలిచేది. మూడో బల్లలో గుర్రాల వ్యాపారి ఒకడు ఆమె వంగినప్పుడల్లా బల్ల కిందికి చూసినట్టు నటించాడు.

“ఏం పోగొట్టుకున్నావు నాయనా?” అన్నాడు యోస్ట్ తాత.

“ఏం లేదు పెద్దాయనా, ఊరికే.”

“మర్యాద పోయుంటుంది. అక్కడ వెతక్కు, అక్కడ దొరకదు.”

బల్లంతా నవ్వింది. గుర్రాల వ్యాపారి ఆ తర్వాత నాలుగు బిళ్ళలు వరసగా కాలువలోకి మీటుకున్నాడు.

గడియారం మూడున్నర దాటుతుండగా ఎల్మీనా, యోస్ట్ తాత పై బల్ల చేరారు. మొదటి నుంచి అక్కడే పాతుకుపోయిన జట్టు ఫార్కర్ దంపతులది. యూవర్ట్ భార్య ఐసొబెల్ చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు బట్టలు కుట్టేది. పై బల్లకు ప్రతి ఏడాదీ తన ఇంటి భోజనపు కుర్చీలు నాలుగు పంపడం ఆమె సంబరం. మెత్త పరిచి, గుడ్డ బిగించి, అంచుల్లో ఇత్తడి మేకులు కొట్టిన కుర్చీలు.

“రా ఎల్మీనా, కూర్చో. ఈ ఏడాది ఆకుపచ్చ గుడ్డ వేశాను, ఎలా ఉంది?”

“బాగుంది. పచ్చిక పరిచినట్టుంది.”

“మా కుర్చీలు మంచివి,” అన్నాడు యూవర్ట్, బిళ్ళలు పంచుతూ. “వాటి మీంచి లేవాలంటే ఎవరికీ మనసొప్పదు.”

గదిలో దగ్గరున్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఎల్మీనా నల్ల గౌను సర్దుకుని కూర్చుంది. కుడి చేతి వైపు యూవర్ట్, ఎడమ చేతి వైపు ఐసొబెల్, ఎదురుగా తాత.

ఇది ఆ రోజు ఆఖరి పోటీ, మూడు ఆటల్లో రెండు గెలిచినవారిదే పార్టీ. మొదటి ఆట ఫార్కర్లు తీసుకున్నారు, యూవర్ట్ నడిమి గుంటలో రెండు బిళ్ళలు వేశాడు. రెండో ఆటలో యోస్ట్ తాత చేయి తిరిగింది. కళ్లు సగం మూసి, ఏదో పాత కీర్తన ముక్కుతో లాగుతూ, ఎదుటివాళ్ల బిళ్ళలను ఒక్కొక్కటిగా కాలువలోకి తోలాడు. రెండు జట్లకూ చెరొక గెలుపు. మిగతా బల్లల ఆట దానంతటదే ఆగిపోయింది. మనుషులు కుర్చీలు లాక్కుని కాఫీ కప్పులతో చుట్టూ చేరారు. అయిదింటికల్లా ప్రతి ఇంట్లోనూ పాలు పితకాలి. గడియారం నాలుగు చూపుతోంది.

మూడో ఆట గట్టిగా సాగింది. చెరొక బిళ్ళ గుంటలో పడింది. చివరికి పలక మీద మిగిలింది ఒకే ఒక్క బిళ్ళ. అది యూవర్ట్‌ది. లోపలి వలయంలో, ఒక మేకు వెనక, వాన తప్పించుకున్న పిల్లిలా నక్కి కూర్చుంది. దాని విలువ పదిహేను. ఎల్మీనా చేతిలో ఆఖరి బిళ్ళ. దాన్ని కొట్టి తొలగించి తన బిళ్ళ పలక మీద నిలిపితే గెలుపు. తాకకపోతే తన బిళ్ళ తీసేస్తారు, ఓటమి.

ఎదురుగా మీటితే మేకు అడ్డం. నడుమ నుంచి మీటినా మేకు అడ్డం. ఒకే ఒక్క దారి కనిపించింది. తన గీతకు ఎడమ కొస. పోయిన ఏడాది వాలిన చోటే.

ఆమె బిళ్ళను ఆ కొసకు జరిపింది.

“మిస్ హోల్బ్రుక్,” అన్నాడు యూవర్ట్. గొంతులో వెటకారం లేదు, అదే మరీ బాధ. “కాస్త దగ్గరుండి చూడండి. పోయిన ఏడు లేచింది కూడా ఇక్కడే, ఇలా వాలినప్పుడే.”

కాఫీ కప్పులు బల్లల మీదికి దిగాయి. 

టీచరు అటూ ఇటూ చూసింది. “దగ్గరుంటే మాత్రం ఏం కనిపిస్తుందండీ? బల్ల అడ్డం, గౌను అడ్డం. ఎవరైనా వంగి...” అని, చుట్టూ ఉన్న ముఖాలు చూసి ఆ వాక్యం మింగేసింది. మెన్నొనైట్ ఇల్లాలి గౌను వైపు వంగి చూసే మగవాడు నాలుగైదు పల్లెల ఆ టౌన్‌షిప్‌లో ఇంకా పుట్టలేదు.

“నేను చూస్తాను,” అంది ఐసొబెల్.

“వద్దక్కా,” అంది ఎల్మీనా. “నువ్వు ఎదుటి జట్టు. బాగానే ఉందంటే నా మీద జాలిపడ్డావంటారు. లేదంటే మీ ఆయన్ని వెనకేసుకొచ్చావంటారు. మళ్లీ మాట మీద మాటే.”

మిస్ హోల్బ్రుక్ ముఖం వెలిగింది. ఆమెకు ఉపాయం తోచింది. సొరుగు తెరిచి, పొద్దుటి ప్రార్థనకు వాడే బైబిలు తీసింది. “ఇదుంది కదండీ. దీని మీద చేయి వేసి, పోయిన ఏడు లేవలేదని, ఈసారి లేవనని అంటే సరిపోతుంది. ఇంక ఎవరూ ఏమీ అనరు.”

సగం గది నేల చూసింది. సగం గది ఎల్మీనాను చూసింది. ఆ పిల్లకు తెలియక అన్నదని అందరికీ తెలుసు. అయినా పుస్తకం బల్ల మీదికి వచ్చేసింది, దాని పక్కన ఎల్మీనా చేయి ఉంది, ఆ రెంటికీ మధ్య జానెడు దూరం ఉంది.

“మేం ప్రమాణం చెయ్యమమ్మా,” అంది ఎల్మీనా. “కాదన్నానంటే కాదు. అంతే.”

“కాని, ఒట్టు వేయకపోతే...” టీచరు తడబడింది.

“ఆవిడ వెయ్యదు మిస్, వాళ్లెవరూ వెయ్యరు. అందులో తప్పులేదు,” అన్నాడు యూవర్ట్. న్యాయంగానే అన్నాడు. మళ్లీ అంతే న్యాయంగా, “నేను మాత్రం వేస్తాను. చూసింది చూశాను,” అన్నాడు.

ఎల్మీనా పుస్తకం వైపు చూడలేదు. పలక వైపు చూడలేదు. తన నడుము వైపు చూసుకుంది. బొత్తాలు ఆడంబరమని వాళ్ల సంఘంలో ఆడవాళ్లు గుండుసూదులతోనే బట్ట బిగించుకుంటారు. నడుము పట్టీ లోపలి వైపు ఎప్పుడూ నాలుగైదు సూదులు అదనంగా గుచ్చి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా లాగి బల్ల మీద పెట్టింది.

“మాట వద్దు. ఒట్టు వద్దు,” అంది. “ఐసొబెల్ అక్కా, నన్ను కుర్చీకి గుచ్చెయ్యి.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు.

“గౌనుని నీ కుర్చీ గుడ్డకి గుచ్చు. ఎడం పక్కన, వెనకాల, ఎక్కడ కూర్చున్నానో అక్కడ, బిగించి. లేచానంటే సూదులు ఊడతాయి, లేదా గౌను చిరుగుతుంది. రెండూ అందరికీ కనిపిస్తాయి.”

“నా కొత్త గుడ్డే,” అంది ఐసొబెల్, అప్రయత్నంగా.

“చిల్లులు పడతాయి.”

“పడితే పడనీ.” ఐసొబెల్ అప్పటికే చేతులు పైకి మడుస్తోంది. “అయిదు సూదులు ఏ మూలకి?”

అప్పుడు పొయ్యి దగ్గరి నుంచి ఒక ముసలావిడ లేచి వచ్చి, తన భుజం మీది సూది తీసి బల్ల మీద పెట్టింది. ఆమె వెనక ఆమె కోడలు. వాళ్ల వెనక ఇంకొకరు.  తెల్లని కుళ్ళాయిల ఆడవాళ్లు వరసగా వచ్చి, సూది తరువాత సూది పెట్టి, వరసగా వెళ్లారు. బల్ల మీద చిన్న ఉక్కు గడ్డి మొలిచింది.

“తాతా, ఇందులో తప్పుందా?” అంది ఎల్మీనా, కాస్త గట్టిగా.

యోస్ట్ తాత గడ్డం గోక్కున్నాడు. “ఒట్టు పెట్టుకోవద్దన్నారు. గుచ్చుకోవద్దని ఎక్కడా అనలేదు.” తరవాత తల తిప్పాడు. “మగవాళ్లందరూ గోడ వైపు తిరగండయ్యా. ఏమయ్యా యూవర్ట్, నువ్వూ.”

మగవాళ్లందరూ తిరిగారు. ఎదురుగా నల్లబల్ల మీద శుక్రవారం రాసిన ఏడో ఎక్కం ఉంది. ఆడేవాళ్లు, చూడవచ్చినవాళ్లు కలిసి ముప్పైమంది పెద్దమనుషులు చేతులు వెనక్కి కట్టుకుని, దాన్ని బడి మొదటి రోజంత శ్రద్ధగా చదివారు. “ఏడు తొమ్మిదులు అరవై మూడా?” అని ఎవరో గొణిగారు. “ఎప్పుడూ అంతే,” అన్నారు ఇంకెవరో.

ఐసొబెల్ మోకాళ్ల మీద కూర్చుని పని చేసింది. పెళ్లి గౌను కొలిచినంత ఏకాగ్రత. ఎడమ తొడ వార ఏడు సూదులు, వెనక ఆరు, మూలన నాలుగు. గుడ్డ లోంచి మెత్తలోకి, మెత్తలోంచి మళ్లీ గుడ్డలోకి, కుట్టు వేసినట్టే.

“కుడి పక్కన వదిలేస్తున్నా,” అంది. “రూలు ఒక్క పక్కనే అడుగుతుంది. ఎక్కువ ఇవ్వక్కర్లేదు.” లేచి నిలబడి అందరికీ వినపడేలా, “పదిహేడు. నేనే గుచ్చాను, నేనే లెక్కపెడతాను. నా కుట్టు ఎప్పుడైనా ఊడిందేమో ఎవరైనా చెప్పండి,” అంది.

 మగవాళ్లు ఇటు తిరిగారు.

ఎల్మీనా బిళ్ళ మీద వేలు పెట్టింది. మొదటిసారిగా ఆమెకు ఒళ్లు తెలిసింది. ఎడమ తొడ వార గౌను పట్టి ఉంది, నడుము వెనక పట్టి ఉంది, ఎవరో పెద్దవాళ్లు వెనక నుంచి నెమ్మదిగా పట్టుకున్నట్టు. వాలింది. ఇంకా వాలింది. బిగువు పెరగలేదు. గీత చివర వేలు అందింది. అప్పుడే, బిళ్ళ కొట్టకముందే, ఆమెకు సంగతి అంతా తెలిసిపోయింది. ఇదే వాలు. ఇంతే వాలు. ఈ వాలులో మనిషి కుర్చీని వదలదు. ఏడాదిగా వేలికి చుట్టుకున్న దారం ఊడి పడిపోయింది.

మీటింది.

బిళ్ళ మేకుల సందున సన్నగా దూరింది. నక్కిన బిళ్ళ పక్కటెముకను తాకింది. ఆ బిళ్ళ ఉలిక్కిపడి, ఇంకో మేకును గుద్దుకుని, వలయాలన్నీ దాటి కాలువలోకి దొర్లింది. ఎల్మీనా బిళ్ళ మాత్రం తొందరపడలేదు. నడిమి గుంట అంచు దాకా నడిచింది, అంచున ఒక్క ఊపు ఊగింది.

“అదిగో,” అన్నాడు యూవర్ట్. అతను పలక చూడటం లేదు. కుడి పక్క నుంచి కుర్చీనే చూస్తున్నాడు. “అదే వెలుతురు. పోయిన ఏడు చూసింది అదే. కదలకమ్మా, అలాగే ఉండు. ఐసొబెల్, చూడు.”

బిళ్ళ గుంటలో పడింది. ఆ చప్పుడును ఎవరూ పట్టించుకోలేదు.

ఎల్మీనా వాలినది వాలినట్టే ఉండిపోయింది. ఐసొబెల్ వంగి ఎడమ పక్కన వేలితో తడుముతూ లెక్కపెట్టింది. అందరి పెదవులూ ఆమెతోపాటు కదిలాయి. పదిహేను, పదహారు, పదిహేడు. “ఒక్కటీ కదల్లేదు,” అంది. “పోగు కూడా సాగలేదు.”

“మరి ఆ వెలుతురు?” యూవర్ట్ వేలు చూపుతూనే ఉన్నాడు.

ఐసొబెల్ బల్ల చుట్టూ నడిచివచ్చి, మొగుడి కుర్చీ పక్కన తల వంచి, అతని చూపు పోయే దారినే చూసింది. చాలాసేపు చూసింది. తరవాత అతని చెవిలో ఏదో చెప్పింది. చిన్న మాటే, మూడు నాలుగు ముక్కలకు మించి ఉండదు.

యూవర్ట్ ఫార్కర్ మెడ ఎరుపెక్కింది. ఎరుపు చెవులకు ఎక్కింది, చెవుల నుంచి బట్టతల దాకా ఎక్కింది. చూపుతున్న వేలును ముడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాలినప్పుడు కుడి పక్కన నల్ల గౌను అంచు కాస్త పైకి లేచేది. దాని కింద చలికి తొడుక్కున్న తెల్లని ఫ్లానెల్ లోపావడా వేలెడు కనిపించేది. సంఘం పెద్ద యూవర్ట్ ఫార్కర్ ఏడాది పొడుగునా టౌన్‌షిప్ అంతటికీ సాక్ష్యం చెప్పుకుంటూ తిరిగింది దాని గురించి.

ఆడవాళ్లకు ముందు తెలిసింది. ఒకరి మోచేయి ఇంకొకరి మోచేతిని తాకింది. నవ్వు బయటికి రాలేదు, భుజాల్లో కదిలింది.

యూవర్ట్ లేచి నిలబడ్డాడు. ఎంత ఎర్రబడినా నిటారుగానే నిలబడ్డాడు. “నేను చూసింది వెలుతురు కాదు,” అన్నాడు. “ఎల్మీనా రాప్ పోయిన ఏడు లేవలేదు. ఇప్పుడూ లేవలేదు. నాది తప్పు.”

“వెలుతురు కాకపోతే మరేంటయ్యా?” అని వెనక నుంచి గుర్రాల వ్యాపారి అడిగాడు.

“అది చెప్పను.”

“ఏమంటున్నాడు?” అన్నాడు యోస్ట్ తాత, చెవి దగ్గర అరచేయి పెట్టుకుని.

“ఎల్మీనా లేవలేదంటున్నాను పెద్దాయనా,” అన్నాడు యూవర్ట్, గట్టిగా.

“ఏంటీ?”

“ఎల్మీనా లేవలేదు. ఆవిడ చెప్పిందే నిజం.” ఈసారి కోట్లు తగిలించే కొయ్యల దగ్గరున్నవాళ్లకు కూడా వినిపించింది.

తాత తల ఊపాడు. “కాస్త కిటికీ తీసి చెప్పు నాయనా. నాకింకా సరిగా చేరలేదు.”

అప్పుడు నవ్వు ఆగలేదు. మొదట ఐసొబెల్ నవ్వింది, తరవాత యూవర్టే నవ్వాడు, ఆ నవ్వు బల్లల మీదికి పాకి, కాఫీ కప్పులను కదిపి, పొయ్యి గొట్టం దాకా పోయింది. మెన్నో మాత్రం నవ్వలేదు. గోడకు ఆనుకుని, టోపీని రెండు చేతులా పట్టుకుని, భార్యను చూస్తూ నిలబడ్డాడు. చీజ్ ఫ్యాక్టరీ వరసలో ఏడాదిగా మింగినవన్నీ ఆ ముఖంలోంచి ఒక్కొక్కటిగా దిగిపోవడం ఎల్మీనా చూసింది.

మిస్ హోల్బ్రుక్ వచ్చి గుంటలోని బిళ్ళను రెండు వేళ్లతో తీసి పైకెత్తి చూపింది. తరవాత బైబిలును ఆప్రాన్‌తో తుడిచినట్టు చేసి మళ్లీ సొరుగులో పెట్టింది. “నన్ను క్షమించండి, నాకు తెలియలేదు,” అంది మెల్లిగా.

“నువ్వడగబట్టే నాకు సూదులు గుర్తొచ్చాయి,” అంది ఎల్మీనా. “చిల్లు పొడువమ్మా. నక్షత్రాన్ని కాస్త పెద్దదిగా పొడువు.”

గడియారం అయిదుకు పావు తక్కువ చూపింది. ఉన్నట్టుండి కోట్లు కదిలాయి, బళ్ల గంటలు బయట మోగాయి. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, పొదుగు నిండిన ఆవు వేచి ఉండదు.

“ఎల్మీనా,” అన్నాడు మెన్నో, “పాలు పితికే వేళైంది.”

ఐసొబెల్ మోకాళ్ల మీదికి వంగి మొదటి సూది కొన పట్టుకుంది. ఎల్మీనా ఆమె చేతి మీద చేయి వేసింది.

“ఉండనీ అక్కా.” మెన్నో వైపు తిరిగింది. ముఖంలో గర్వముంది. దాన్ని దాచాలన్న తొందర ఏమీ కనిపించలేదు. “నేనెలా లేస్తాను మెన్నో? ఇంతమంది చూస్తుండగా కుర్చీ మీంచి లేవడమే?”

మెన్నో ఆమెను చూశాడు, సూదులను చూశాడు, టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. “పదిహేను ఆవులు,” అన్నాడు నిట్టూరుస్తూ.

“నేనొస్తాను పద,” అన్నాడు యూవర్ట్, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. “ముందు మీవి, తర్వాత మావి. ఈ రాత్రికి నేనీ గదిలో ఉండకపోవడమే మంచిది.”

ఇద్దరూ మంచులోకి వెళ్లారు. వాళ్ల వెనక మిగతా మగవాళ్లూ, ఆపిల్ తీపిరొట్టె ఆఖరి ముక్కను రుమాలులో చుట్టుకుని యోస్ట్ తాత కూడా. తలుపు మూసుకుంది. గదిలో ఆడవాళ్లు మిగిలారు. ఆ టౌన్‌షిప్‌లో పాలు పితికే వేళకు ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చోవడం అదే మొదటిసారి.

ఐసొబెల్ యూవర్ట్ కుర్చీలో కూర్చుంది. భుజం మీద సూది లేని ముసలావిడ తాత కుర్చీలో కూర్చుంది. ఖాళీ చోటికి మిస్ హోల్బ్రుక్‌ను పిలిచారు.

“నాకు మీటడం రాదు,” అంది ఆ పిల్ల.

“కూర్చోవడం వచ్చుగా,” అంది ఐసొబెల్. “మిగతాదంతా తర్వాత వస్తుంది.”

బిళ్ళలు పంచారు. మొదటి వంతు ఎల్మీనాది. ఆమె తేలికగా, ఆనందంగా, ఎవరికీ ఏమీ రుజువు చేయనక్కర్లేని వేలితో మీటింది. బిళ్ళ మేకుల నడుమ దారి చేసుకుంటూ తిన్నగా పోయి గుంటలో పడింది.

“ఇరవై,” అన్నారు నలుగురూ ఒక్కసారే.